పాతతరం గృహ కంప్యూటర్లకు వెబ్‌పేజీల రూపకల్పన: పరిమితులు, పద్ధతులు, తెలుగు లిపి సమస్య

వ్యాససంగ్రహం

1980వ దశకంలో ఇళ్లలోకి ప్రవేశించిన కమొడోర్ 64, యాపిల్ టూ, జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, అమీగా వంటి కంప్యూటర్లు నేటికీ పలువురి దగ్గర పనిచేసే స్థితిలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని అంతర్జాలానికి అనుసంధానించడం కూడా సాధ్యమైంది. అయినా నేటి వెబ్‌సైట్లలో అత్యధికం వాటిపై తెరుచుకోవు. ఇందుకు కారణాలు సంపర్కం, పేజీ నిర్మాణం, బొమ్మలు, అక్షరాలు అనే నాలుగు స్థాయుల్లో ఉన్నాయి. ఈ నాలుగు స్థాయులను వరుసగా పరిశీలించి, ప్రతి స్థాయిలోనూ రూపకర్త అనుసరించదగిన పద్ధతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటి మూడు స్థాయుల సమస్యలు అన్ని భాషలకూ సమానం. నాలుగో స్థాయిలో మాత్రం తెలుగు వంటి లిపులకు ప్రత్యేకమైన సమస్య ఎదురవుతుంది. "బొమ్మలు తీసేసి పాఠం మాత్రమే ఉంచితే ఏ యంత్రంపైనైనా చదవవచ్చు" అన్న ప్రసిద్ధ సూత్రం రోమన్ లిపికి వర్తించినట్లు తెలుగుకు వర్తించదని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: గృహ కంప్యూటర్లు, వెబ్ రూపకల్పన, హెచ్‌టీఎమ్ఎల్, గుప్తీకరణ, ప్రాక్సీ సర్వరు, యూనికోడ్, ఆర్.టి.ఎస్., తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

కమొడోర్ 64 మార్కెట్లోకి వచ్చింది 1982లో. సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ గురించి తొలి ప్రతిపాదన చేసింది 1989లో. అంటే ఆ తరపు గృహ కంప్యూటర్లు వెబ్ కంటే ముందు పుట్టినవి. వాటిని రూపొందించినవారు వెబ్‌ను ఊహించలేదు. వెబ్‌ను రూపొందించినవారు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. అయినప్పటికీ ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు ఫలించాయి. స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ 8-బిట్ ప్రాసెసర్ల కోసం యూఐపీ అనే అతిచిన్న టీసీపీ/ఐపీ వ్యవస్థను రాశారు. దాని ఆదేశాల పరిమాణం కొన్ని కిలోబైట్లు మాత్రమే. ఆయనే రూపొందించి 2003లో విడుదల చేసిన కాంటికి అనే నిర్వహణ వ్యవస్థలో కమొడోర్ 64పై నడిచే వెబ్ బ్రౌజరు కూడా ఉంది.

భారతదేశానికి ఈ యంత్రాలు పూర్తిగా అపరిచితం కావు. 1984లో కేంద్రప్రభుత్వం పాఠశాలల కోసం ప్రారంభించిన 'క్లాస్' కంప్యూటర్ అక్షరాస్యతా పథకంలో బ్రిటన్‌కు చెందిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఉపయోగించారు. 1981లో వచ్చిన ఈ యంత్రం కూడా గృహ కంప్యూటర్ల తరానికి చెందినదే.

ఈ యంత్రాలపై పనిచేసే వెబ్‌పేజీని తయారుచేయడం పాతవస్తువుల మీద మమకారంతో చేసే వ్యాసంగంగా కనిపించవచ్చు. కాని పరిశోధకుని దృష్టిలో దీనికి రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, వెబ్‌పేజీలో ఏది ప్రధానం, ఏది అలంకారం అన్న విచక్షణకు ఇది కఠినమైన పరీక్ష. రెండవది, ఒక భాషలోని పాఠం కంప్యూటరుపై కనిపించడానికి ఎన్ని ఏర్పాట్లు అవసరమో ఈ పరీక్షలో స్పష్టమవుతుంది. ఆధునిక యంత్రాలపై ఆ ఏర్పాట్లు కంటికి కనిపించకుండా పనిచేస్తాయి కాబట్టి వాటి ఉనికి తెలియదు.

2. యంత్రాల శక్తి, వాటి హద్దులు

'పాతతరం గృహ కంప్యూటరు' అన్న మాట ఒకే రకమైన యంత్రాన్ని సూచించదు. రూపకల్పన దృష్టితో వీటిని రెండు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం 8-బిట్ యంత్రాలు. కమొడోర్ 64లో జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. ప్రాసెసరు వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. దాని తెరపై వరుసకు 40 అక్షరాల చొప్పున 25 వరుసలు పడతాయి. అదే సంవత్సరం వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లో వరుసకు 32 అక్షరాలు, 24 వరుసలు. 1977లో వచ్చిన యాపిల్ టూ తెరపై 40 అక్షరాల వరుసలు 24.

రెండవ వర్గం 16-బిట్ యంత్రాలు. 1987లో వచ్చిన అమీగా 500లో 512 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, 7 మెగాహెర్ట్జ్‌లకు కొంచెం పైబడిన వేగం ఉన్నాయి. 1986లో వచ్చిన మ్యాకింటాష్ ప్లస్‌లో 1 మెగాబైటు జ్ఞాపకశక్తి, 512 నిలువు వరుసలు, 342 అడ్డువరుసల చుక్కలతో నలుపు-తెలుపు తెర ఉన్నాయి. ఈ వర్గపు యంత్రాలకు 1990వ దశకంలోనే బొమ్మలను చూపగల బ్రౌజర్లు లభించాయి. మొజాయిక్ బ్రౌజరుకు అమీగా రూపాంతరం అలాంటిదే.

ఈ అంకెలను నేటి వెబ్‌పేజీతో పోల్చితే అంతరం అర్థమవుతుంది. నేడు 2 మెగాబైట్ల పేజీ అసాధారణం కాదు. అది కమొడోర్ 64 మొత్తం జ్ఞాపకశక్తికి 32 రెట్లు. ఆ యంత్రం సీరియల్ మార్గంలో సెకనుకు 2400 బిట్ల వేగంతో సమాచారాన్ని అందుకుంటుందనుకుంటే, ఒక్కో బైటుకు ఆరంభ, ముగింపు బిట్లతో కలిపి 10 బిట్లు అవసరం కాబట్టి, సెకనుకు 240 బైట్లు అందుతాయి. ఆ లెక్కన 2 మెగాబైట్ల పేజీ చేరడానికి దాదాపు 2 గంటల 25 నిమిషాలు పడుతుంది. 4 కిలోబైట్ల పేజీ 17 సెకన్లలో చేరుతుంది. నేడు పాత యంత్రాలకు వైఫై మోడెములు లభిస్తున్నాయి. కాని సీరియల్ మార్గం వేగమే హద్దు అయినప్పుడు గాలిలోని వైఫై వేగం ఎంతైనా ప్రయోజనం పరిమితం.

కనుక మొదటి నియమం బరువుకు సంబంధించింది. 8-బిట్ యంత్రాలను దృష్టిలో పెట్టుకున్న పేజీ 4 నుంచి 8 కిలోబైట్లకు మించకపోవడం మంచిది. దీర్ఘమైన రచనను ఒకే పేజీగా కాక, 'తరువాతి భాగం', 'మునుపటి భాగం' అన్న లంకెలతో విడివిడి పేజీలుగా అందించాలి. జ్ఞాపకశక్తి చాలని బ్రౌజరు పేజీని మధ్యలో కత్తిరిస్తే అడుగున ఉన్న లంకెలు పాఠకునికి చేరవు. అందువల్ల ముఖ్యమైన లంకెలు పేజీ ఆరంభంలోనే ఉండాలి.

3. సంపర్క స్థాయి: తలుపు వద్దే ఎదురయ్యే అడ్డంకులు

పేజీ ఎంత తేలికగా ఉన్నా సర్వరు దాన్ని అందించే తీరు సరిపడకపోతే పాత యంత్రం దాన్ని చూడనే చూడదు. రూపకర్తలు ఎక్కువగా విస్మరించే స్థాయి ఇదే.

3.1 గుప్తీకరణ

నేటి వెబ్‌సైట్లలో అధికభాగం హెచ్‌టీటీపీఎస్ అనే గుప్తీకరించిన మార్గంలోనే పలుకుతాయి. దీనికి ఆధారమైన టీఎల్ఎస్ ప్రమాణం తొలి రూపం 1999లో, 1.2 రూపం 2008లో, 1.3 రూపం 2018లో వెలువడ్డాయి. తొలి రెండు రూపాలైన 1.0, 1.1లను 2021లో అధికారికంగా తిరస్కరించారు. 1990వ దశకపు బ్రౌజరుకు గుప్తీకరణ తెలిసినా, అది నేడు ఎవరూ అంగీకరించని పాత పద్ధతి. పైగా ఆ బ్రౌజర్లలో పొందుపరచిన విశ్వసనీయతా పత్రాల గడువు తీరిపోయింది.

8-బిట్ యంత్రాల పరిస్థితి మరింత కఠినం. కమొడోర్ 64లోని 6510 ప్రాసెసరుకు కూడిక, తీసివేత ఆదేశాలున్నాయి కాని గుణకార ఆదేశం లేదు. స్పెక్ట్రమ్‌లోని జెడ్80 ప్రాసెసరుదీ అదే స్థితి. గుప్తీకరణలో పరస్పర పరిచయ ఘట్టానికి వందల, వేల బిట్ల పొడవున్న సంఖ్యల గుణకారాలు అవసరం. ఒక్కసారికి 8 బిట్లను మాత్రమే పట్టుకోగల ప్రాసెసరు, ఆ గుణకారాలను కూడికలుగా విడగొట్టి చేయవలసి వస్తుంది. ఆ జాప్యాన్ని సర్వరు సహించదు. అదనపు ప్రాసెసర్లు అమర్చిన అమీగాలపై అమిఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేరు ద్వారా ఆధునిక గుప్తీకరణ సాధ్యమవుతోంది. కాని అది మినహాయింపు.

అందువల్ల గుప్తీకరణ లేని సాధారణ హెచ్‌టీటీపీ మార్గాన్ని కూడా తెరిచి ఉంచాలి. ఆధునిక పాఠకుల భద్రతను వదులుకోకుండానే ఈ పని చేయవచ్చు. ఆధునిక బ్రౌజర్లు సాధారణ మార్గంలో పేజీని కోరేటప్పుడు, తాము సురక్షిత మార్గానికి మారగలమని తెలిపే ఒక సూచనను అభ్యర్థనలో చేరుస్తాయి. పాత బ్రౌజర్లు ఆ సూచనను పంపవు. సూచన ఉన్నప్పుడు మాత్రమే సురక్షిత మార్గానికి మళ్లించేలా సర్వరును అమర్చితే, కొత్తవారు గుప్తమార్గంలోకి, పాతవారు సాధారణ మార్గంలోకి వెళతారు. మధ్యలోని నిల్వ సర్వర్లు ఈ రెండు సమాధానాలనూ కలగాపులగం చేయకుండా, సమాధానం ఆ సూచనపై ఆధారపడి మారుతుందని ప్రకటించడం కూడా అవసరం.

దీనికొక హద్దు ఉంది. సాధారణ మార్గంలో వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు కూడా. కనుక సంకేతపదాలు, వ్యక్తిగత వివరాలు అడిగే పేజీలను ఈ మార్గంలో ఎన్నడూ ఉంచరాదు. చదవడానికి మాత్రమే ఉద్దేశించిన బహిరంగ పాఠానికే ఈ వెసులుబాటు వర్తిస్తుంది.

3.2 చిరునామా, సమాధాన రూపం

ఒకే సంఖ్యా చిరునామాపై అనేక వెబ్‌సైట్లను నడపడం నేటి ఆచారం. ఏ సైటు కావాలో అభ్యర్థనలోని 'హోస్ట్' శీర్షిక ద్వారా సర్వరు గుర్తిస్తుంది. ఈ శీర్షిక తప్పనిసరి అయింది 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంతో. ఈ శీర్షికను పంపని తొలితరం బ్రౌజరుకు సర్వరు ఆ చిరునామాపై ఉన్న వేరొక సైటును చూపుతుంది, లేదా తప్పు అభ్యర్థనగా తిరస్కరిస్తుంది. పరిష్కారం సులభం: సైటుకు ప్రత్యేక సంఖ్యా చిరునామా కేటాయించాలి, లేదా ఆ సర్వరుపై దాన్నే మూలసైటుగా నిర్ణయించాలి.

సమాధానాన్ని కుదించి పంపడం, ముక్కలుగా విడగొట్టి పంపడం కూడా కొత్త పద్ధతులే. బ్రౌజరు తనకు తెలుసునని ప్రకటించనిదే ఏ రకమైన కుదింపునూ వాడరాదు. హెచ్‌టీటీపీ 1.0 అభ్యర్థనకు ముక్కల పద్ధతిలో సమాధానమివ్వరాదు. సమాధానంతో పాటు పంపే శీర్షికలు కూడా బరువే. 240 బైట్లు చేరడానికి ఒక సెకను పట్టే చోట, పాఠకునికి కనిపించని 1200 బైట్ల శీర్షికలకు 5 సెకన్లు ఖర్చవుతాయి.

4. పేజీ నిర్మాణం: పాఠమే పునాది

హెచ్‌టీఎమ్ఎల్‌కు తొలినుంచీ ఉన్న ఒక గుణం ఈ పనికి ఎంతో తోడ్పడుతుంది. బ్రౌజరు తనకు తెలియని ట్యాగును వదిలేసి, దాని లోపలి పాఠాన్ని మాత్రం చూపుతుంది. కొత్త ట్యాగులు వచ్చినా పాత బ్రౌజర్లు కుప్పకూలకుండా ఉండటానికి ఈ నియమమే కారణం. అయితే దీనివల్ల కలిగే దుష్ఫలితాలను కూడా రూపకర్త గమనించాలి.

మొదటిది, శైలి ఆదేశాలు, స్క్రిప్టులు పేజీలోనే రాసినప్పుడు ఆ ట్యాగులను ఎరుగని బ్రౌజరు వాటి లోపలి ఆదేశాలను కూడా పాఠంగా భావించి తెరపై పరుస్తుంది. వాటిని విడి ఫైళ్లలో ఉంచి లంకె ద్వారా కలిపితే ఈ ఇబ్బంది తొలగుతుంది. పాత బ్రౌజరు ఆ లంకెను పట్టించుకోదు. కొత్త బ్రౌజరు తెచ్చుకుంటుంది. సగం సగం తెలిసిన బ్రౌజర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4కు శైలి ఆదేశాలు తెలుసు కాని వాటిని తప్పుగా అన్వయించే సందర్భాలు ఎక్కువ. శైలి ఫైలును 'ఇంపోర్ట్' ఆదేశంతో తెప్పిస్తే ఆ బ్రౌజరు దాన్ని గుర్తించదు; శైలి లేని శుభ్రమైన పాఠాన్ని చూపుతుంది.

రెండవది, విభాగాలను సూచించే కొత్త ట్యాగులు పాత బ్రౌజరుకు తెలియవు కనుక వాటివల్ల కొత్త పంక్తి మొదలుకాదు. రెండు విభాగాల పాఠం ఒకదానికొకటి అంటుకుపోతుంది. కొత్త ట్యాగులు వాడినా, వాటి లోపల శీర్షికలు, పేరాలు, జాబితాలు అన్నింటినీ 1995 నాటి హెచ్‌టీఎమ్ఎల్ 2.0 ప్రమాణంలోని ట్యాగులతోనే రాయాలి.

మూడవది పట్టికల సమస్య. పట్టికల ట్యాగులు హెచ్‌టీఎమ్ఎల్ 2.0లో లేవు, 1997 జనవరి నాటి 3.2 ప్రమాణంలో చేరాయి. వాటిని ఎరుగని బ్రౌజరు గదుల్లోని పాఠాన్నంతా ఒకే వరుసగా కలిపేస్తుంది. ఎరిగిన బ్రౌజరు కూడా గదుల వెడల్పు నిర్ణయించడానికి పట్టిక అంతా చేరేవరకు వేచి ఉంటుంది. నెమ్మదైన యంత్రంపై ఆ వ్యవధి అంతా తెర ఖాళీగా ఉంటుంది. పేజీ మొత్తాన్ని పట్టికలో ఇమిడ్చే 1990వ దశకపు అలవాటు, అదే దశకపు యంత్రాలకు అనుకూలం కాదన్నది గమనార్హం. పట్టికను నిజమైన పట్టిక సమాచారానికే పరిమితం చేసి, ఒక్కో వరుస చివర పంక్తి విరుపును ఉంచితే, పట్టికలు తెలియని బ్రౌజరులో కూడా వరుసలు విడివిడిగా కనిపిస్తాయి.

నాలుగవది, వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు, పొడవైన గీతలు వంటి అలంకార చిహ్నాలు పాత అక్షరపట్టికల్లో ఉండవు. వాటి స్థానంలో నిటారు గుర్తులు, సాధారణ హైఫన్ వాడాలి. లంకెలను రంగుభేదంతో మాత్రమే సూచించరాదు. ఏకవర్ణపు తెరపై రంగు కనిపించదు. 'ఇక్కడ నొక్కండి' అనే బదులు, లంకె ఎక్కడికి చేర్చుతుందో చెప్పే మాటనే లంకెగా మలచాలి.

5. బొమ్మలు

పాత బ్రౌజర్లన్నింటికీ ఉమ్మడిగా తెలిసిన బొమ్మల రూపం జిఫ్. కంప్యుసర్వ్ సంస్థ దీన్ని 1987లో విడుదల చేసింది. 1996లో వచ్చిన పీఎన్‌జీ, 2010లో వచ్చిన వెబ్‌పీ ఈ యంత్రాలకు సాధారణంగా పనికిరావు. జేపెగ్ రూపాన్ని కొన్ని బ్రౌజర్లు గుర్తించినా, దాన్ని విప్పడానికి అవసరమైన గణితం 7 మెగాహెర్ట్జ్ ప్రాసెసరుకు భారమవుతుంది.

రంగుల సంఖ్య తగ్గించడం ఇక్కడ ప్రధానమైన పొదుపు. కమొడోర్ 64లో మొత్తం 16 రంగులే ఉన్నాయి. మ్యాకింటాష్ ప్లస్‌లో రెండే. ఫోటోను నలుపు-తెలుపు చుక్కల మిశ్రమంగా ముందే మార్చి ఉంచితే, ఆ మార్పిడి భారం పాత యంత్రంపై పడదు. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు ముందే ప్రకటిస్తే, ఆ ప్రకటనను గుర్తించే బ్రౌజరు బొమ్మ కోసం స్థలం విడిచి పాఠాన్ని వెంటనే చూపగలుగుతుంది. బొమ్మను చూపలేని బ్రౌజర్ల కోసం ప్రత్యామ్నాయ పాఠం తప్పనిసరి. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లింక్స్ వంటి పాఠమాత్ర బ్రౌజరులో పాఠకుడు చూసేది ఆ ప్రత్యామ్నాయ పాఠాన్నే.

6. మధ్యవర్తి సర్వర్లు

ఇప్పటికే ఉన్న వెబ్‌సైట్లన్నింటినీ తిరిగి రాయడం సాధ్యం కాదు. అందుకే పాత యంత్రానికి, నేటి వెబ్‌కు మధ్య నిలిచి అనువాదకుని పాత్ర పోషించే ప్రాక్సీ సర్వర్లు వచ్చాయి. ఇవి రెండు రకాలు.

మొదటి రకం పేజీని వడగట్టి పాఠాన్ని మిగులుస్తుంది. ఫ్రాగ్‌ఫైండ్ ఇందుకు ఉదాహరణ. గుప్తీకరణ భారాన్ని తానే వహించి, నేటి పేజీ నుంచి స్క్రిప్టులను, శైలి ఆదేశాలను తొలగించి, సరళమైన హెచ్‌టీఎమ్ఎల్‌గా మార్చి పాత బ్రౌజరుకు అందిస్తుంది.

రెండవ రకం పేజీని బొమ్మగా మార్చుతుంది. వెబ్ రెండరింగ్ ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేరు ఆధునిక బ్రౌజరులో పేజీని తెరిచి, కనిపించిన దృశ్యాన్ని జిఫ్ బొమ్మగా పాత యంత్రానికి పంపుతుంది. పాఠకుడు బొమ్మలో ఎక్కడ నొక్కాడో ఆ స్థానాన్ని తిరిగి గ్రహించి, తదనుగుణమైన పేజీని తెరుస్తుంది. బొమ్మపై నొక్కిన స్థానాన్ని సర్వరుకు పంపే సదుపాయం హెచ్‌టీఎమ్ఎల్ 2.0లోనే ఉండటం వల్ల ఇది సాధ్యమైంది.

అటారి 8-బిట్ కంప్యూటర్ల కోసం మొదలైన ఫూజినెట్ పరికరం ఇదే సూత్రానికి మరో రూపం. గుప్తీకరణ వంటి భారమైన పనులను ఆ చిన్న పరికరంలోని ఆధునిక చిప్పే నిర్వహిస్తుంది.

మధ్యవర్తులు ఉన్నంతమాత్రాన రూపకర్త బాధ్యత తీరదు. వడపోత సర్వరు పేజీలో ఏది ప్రధాన పాఠమో నిర్మాణాన్ని బట్టే ఊహిస్తుంది. శీర్షికలు, పేరాలు సక్రమంగా లేని పేజీలో ఆ ఊహ తప్పుతుంది. స్క్రిప్టు నడిస్తే తప్ప పాఠమే లేని పేజీ నుంచి వడగట్టడానికి ఏమీ దొరకదు.

7. తెలుగు లిపి: పునాదిలోనే వచ్చే చిక్కు

పై విభాగాల్లోని పద్ధతులన్నీ ఒకే భావనపై ఆధారపడ్డాయి. పేజీ అడుగుపొరలో పాఠం ఉంటుంది. దానిపై శైలి, బొమ్మ, స్క్రిప్టు అనే పొరలు ఉంటాయి. పై పొరలు ఊడిపోయినా అడుగుపొర నిలుస్తుంది. ఇంగ్లీషు పేజీ విషయంలో ఇది నిజం. ఎందుకంటే రోమన్ అక్షరాల రూపాలు ఈ కంప్యూటర్ల తయారీలోనే శాశ్వత జ్ఞాపకంలో పొందుపరచి ఉంటాయి. తెలుగు పాఠం కనిపించాలంటే అక్షరసంకేతం, ఫాంటు, అక్షరాలను గుణింతాలుగా, సంయుక్తాలుగా కూర్చే సాధనం అనే మూడు ఏర్పాట్లు కావాలి. ఇవి పాత గృహ కంప్యూటర్లలో లేవు.

యూనికోడ్ తొలి రూపం వెలువడింది 1991లో. తెలుగు పాఠాన్ని సక్రమంగా కూర్చి చూపే గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది 2001లో. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అనే 6 సంకేతాలున్నాయి. అంటే 18 బైట్లు. యూటీఎఫ్-8 తెలియని బ్రౌజరు వాటిని 18 వేర్వేరు గుర్తులుగా భావిస్తుంది. 40 అక్షరాల వరుసలో సగభాగం ఒక్క మాటకే అర్థంలేని గుర్తులతో నిండిపోతుంది. ఇక్కడ అలంకారం కాదు, పాఠమే పోతున్నది.

ఈ చిక్కును అధిగమించే మార్గాలు మూడు. మూడింటికీ తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో పూర్వరూపాలున్నాయి.

7.1 అక్షరఖండాల ఫాంటు

కమొడోర్ 64లో ఒక అక్షరమాలకు 256 గదులుంటాయి. ఒక్కో గది 8 అడ్డువరుసలు, 8 నిలువు వరుసల చుక్కలు. ఈ గదుల్లోని రూపాలను ప్రోగ్రాము ద్వారా మార్చుకోవచ్చు. కాని 35 హల్లులకు 14 గుణింత రూపాల చొప్పున లెక్కించినా 490 రూపాలవుతాయి; ఒత్తులు చేరకముందే గదులు చాలవు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ఖండాలను విడివిడిగా గదుల్లో ఉంచి కూర్చడం ఒక్కటే దారి.

యూనికోడ్‌కు ముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు అనుసరించిన పద్ధతి ఇలాంటిదే. 256 స్థానాల ఫాంటులో అక్షరఖండాలను నింపి, రోమన్ సంకేతాలకు తెలుగు రూపాలను తొడిగారు. ఏ ఖండం ఏ స్థానంలో ఉండాలన్నదానిపై ఉమ్మడి ప్రమాణం లేక ఫాంటుకొక సంకేత పద్ధతి ఏర్పడింది. ఆ ఫాంటు లేని యంత్రంపై ఆ పేజీలు నేటికీ చదవడానికి వీలుకాని రోమన్ గుర్తుల రాశిగా కనిపిస్తాయి. కనుక ఈ మార్గంలో వెళ్లే రూపకర్త తన సంకేతపట్టికను ప్రకటించడం, మూలపాఠాన్ని యూనికోడ్‌లో భద్రపరచడం తప్పనిసరి.

7.2 రోమన్ లిప్యంతరీకరణ

రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రసిద్ధమైన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి 1990వ దశకంలో అంతర్జాల చర్చావేదికలపై తెలుగు రాయడానికి విస్తృతంగా ఉపయోగపడింది. సాధారణ కీబోర్డుపై ఉన్న రోమన్ అక్షరాలతోనే తెలుగు వర్ణాలన్నింటినీ విడివిడిగా గుర్తించడం దీని ప్రత్యేకత. ఫాంటు అవసరం లేదు, ఒక్కో అక్షరానికి ఒక్క బైటు చాలు. పాత యంత్రాలకు ఇంతకన్నా తేలికైన తెలుగు రూపం లేదు.

అయితే ఈ పద్ధతి రోమన్ చిన్నబడి, పెద్దబడి అక్షరాల భేదంపై ఆధారపడింది. త, ద, న లకు చిన్నబడి; ట, డ, ణ లకు పెద్దబడి. తొలినాటి యాపిల్ టూ యంత్రంలో చిన్నబడి అక్షరాలు లేవు. అవి 1983లో వచ్చిన యాపిల్ టూఈతో చేరాయి. చిన్నబడి లేని తెరపై 'పాట', 'పాత' అన్న రెండు మాటలూ ఒకే రూపం పొందుతాయి. కమొడోర్ 64 సమస్య వేరు. దాని సొంత సంకేత పద్ధతి అయిన పెట్‌స్కీలో చిన్నబడి, పెద్దబడి స్థానాలు సాధారణ ఆస్కీకి తారుమారుగా ఉంటాయి. మధ్యలో మార్పిడి జరగకపోతే ఇంగ్లీషు పాఠం వికారంగా కనిపించినా అర్థమవుతుంది. ఆర్.టి.ఎస్. పాఠంలో మాత్రం త స్థానంలో ట, ద స్థానంలో డ, న స్థానంలో ణ ప్రత్యక్షమై అర్థమే మారిపోతుంది. ఇంగ్లీషులో అందానికి సంబంధించిన లోపం, తెలుగులో వర్ణభేదాన్ని చెరిపే లోపంగా మారుతున్నది. చిన్నబడి లేని యంత్రాల కోసం మూర్ధన్యాలను, దీర్ఘాలను అక్షరాల జంటలతో సూచించే వేరొక రూపం సిద్ధం చేసుకోవాలి.

7.3 పాఠాన్ని బొమ్మగా అందించడం

మూడవ మార్గంలో తెలుగు పేరాను సర్వరుపైనే కూర్చి, రెండు రంగుల జిఫ్ బొమ్మగా పంపుతారు. లిపి రూపం చెడదు. కాని దీని ఖరీదు ఎక్కువ. కమొడోర్ 64లో ఒక తెరనిండా రోమన్ పాఠానికి 40 అక్షరాల చొప్పున 25 వరుసలకు 1000 బైట్లు చాలు. అదే తెరను వెడల్పున 320, ఎత్తున 200 చుక్కల బొమ్మతో నింపాలంటే, కుదించకముందు 8000 బైట్లు కావాలి. పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు అనే మూడు అంతస్తులకు కలిపి వరుసకు 24 చుక్కల ఎత్తు కేటాయిస్తే ఆ తెరపై పట్టేవి 8 వరుసలే. ఎనిమిది రెట్లు బరువుతో మూడోవంతు వరుసలు మాత్రమే లభిస్తాయి. జిఫ్ కుదింపు ఈ భారాన్ని కొంత తగ్గించగలదు కాని తొలగించలేదు.

భారతీయ లిపులను పాత యంత్రాలపై చూపే పనిలో ఈ భారం కొత్తది కాదు. డాస్‌పై నడిచే పర్సనల్ కంప్యూటర్లలో భారతీయ లిపుల కోసం జిస్ట్ అనే ప్రత్యేక కార్డును అమర్చవలసి వచ్చింది. లిపిని కూర్చే పనిని ప్రధాన ప్రాసెసరు నుంచి తప్పించి వేరొక పరికరానికి అప్పగించడం అందులోని సూత్రం. నేటి మధ్యవర్తి సర్వరు చేస్తున్న పని కూడా అదే.

8. ఆచరణీయమైన క్రమం

పై పరిశీలన ఆధారంగా తెలుగు వెబ్‌సైటుకు ఒక పని క్రమాన్ని సూచించవచ్చు. మూలపాఠాన్ని యూనికోడ్‌లో ఒక్కచోటే భద్రపరచాలి. దాని నుంచి మూడు రూపాలను యాంత్రికంగా తయారుచేయాలి: ఆధునిక బ్రౌజర్లకు యూటీఎఫ్-8 పేజీ, బొమ్మలు చూపగల పాత బ్రౌజర్లకు పేరాకొక జిఫ్ ఉన్న పేజీ, పాఠమాత్ర యంత్రాలకు ఆర్.టి.ఎస్. పేజీ. రెండవ రూపంలోని ప్రతి బొమ్మకూ ప్రత్యామ్నాయ పాఠంగా ఆర్.టి.ఎస్. రూపాన్నే ఉంచితే, పేజీ ఏ యంత్రంపైనా పూర్తిగా మూగబోదు. బ్రౌజరు పేరును బట్టి ఏ రూపం పంపాలో ఊహించడం నమ్మదగిన పద్ధతి కాదు. మూడు రూపాలకూ మూడు చిరునామాలు ఇచ్చి, పేజీ తొలి పంక్తిలో సాదా రోమన్ అక్షరాల్లో లంకెలు ఉంచి, ఎంపికను పాఠకునికే వదలడం మేలు.

పరీక్షించే విధానం కూడా ముఖ్యమే. వైస్ వంటి అనుకరణ సాఫ్ట్‌వేర్లు కమొడోర్ 64 ప్రవర్తనను చాలావరకు యథాతథంగా చూపుతాయి. కాని అనుకరణను అసలు వేగానికి మించి నడిపితే నిరీక్షణ కాలం తెలియదు. యంత్రవేగంతో, సీరియల్ వేగంతో నడిపి చూసినప్పుడే 8 కిలోబైట్ల పేజీకి అరనిమిషానికి పైగా పడుతుందన్న సంగతి అనుభవానికి వస్తుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

- పాతతరం గృహ కంప్యూటర్లకు వెబ్‌పేజీ అందకపోవడానికి పేజీ బరువు ఒక్కటే కారణం కాదు. గుప్తీకరణ, హోస్ట్ శీర్షిక వంటి సంపర్క నియమాలు అంతకన్నా ముందే అడ్డుపడతాయి. వాటిని సర్వరు అమరికతో చాలావరకు సరిచేయవచ్చు.

- హెచ్‌టీఎమ్ఎల్ 2.0 నాటి ట్యాగులతో పాఠాన్ని నిర్మించి, శైలిని విడి ఫైలులో ఉంచితే, ఒకే పేజీ కొత్త, పాత బ్రౌజర్లు రెండింటికీ ఉపయోగపడుతుంది.

- పాఠమే పునాది అన్న సూత్రం, లిపి యంత్రంలోనే ఉన్న భాషలకు వర్తించేది. తెలుగులో ఆ పునాదిని రూపకర్తే నిర్మించుకోవాలి. అక్షరఖండాలు, లిప్యంతరీకరణ, బొమ్మ అనే మూడు మార్గాల్లో దేనికదే కొంత నష్టాన్ని తెస్తుంది.

- యూనికోడ్‌కు ముందరి తెలుగు వెబ్‌పేజీలు కొత్త యంత్రాలపై, నేటి తెలుగు పేజీలు పాత యంత్రాలపై చదవడానికి వీలుకాకపోవడం ఒకే సమస్యకు రెండు ముఖాలు. పాఠాన్ని దాని సంకేత పద్ధతి వివరాలతో సహా భద్రపరచకపోతే, బైట్లు నిలిచినా భాష నిలవదు.

తెలుగు పాఠ్యనిధులను, పాత పత్రికల వెబ్‌పేజీలను సేకరిస్తున్న పరిశోధకులు ఆనాటి ఫాంట్లను, సంకేతపట్టికలను కూడా సేకరణలో భాగంగా పరిగణించవలసిన అవసరాన్ని ఈ పరిశీలన సూచిస్తున్నది.